తొలి ఎముక విరిగినప్పుడే

నిలుచున్న ఎత్తు నుంచి పడితే ఎముక విరగకూడదు. స్నానాల గదిలో కాలు జారినా, గడప తట్టుకుని బోర్లా పడినా ఆరోగ్యంగా ఉన్న ఎముక ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. కమిలిపోవడంతోనో బెణకడంతోనో సరిపోతుంది. యాభై దాటిన మనిషికి అంతమాత్రం పాటుకే మణికట్టో, వెన్నుపూసో, తుంటో విరిగిందంటే ఆ ఎముక ఎన్నో ఏళ్లుగా లోలోపల గుల్లబారుతూ వచ్చిందని అర్థం. ఆస్టియోపోరోసిస్ అనే ఈ జబ్బుకు నొప్పి లేదు, వాపు లేదు, జ్వరం లేదు. చాలామందిలో ఎముక విరగడమే దాని తొలి లక్షణం. అందువల్లే కుటుంబాలు దీన్ని జబ్బుగా కాక ప్రమాదంగా, గ్రహచారంగా లెక్కేస్తాయి. కట్టు కట్టించి లేదా ఆపరేషన్ చేయించి, ఎముక అతుక్కోగానే ఆ సంగతి మరిచిపోతాయి. నిజానికి అసలు వైద్యం మొదలు కావాల్సింది అప్పుడే. ఒక ఎముక ఇలా విరిగినవారికి మరొకటి విరిగే అవకాశం సుమారు రెట్టింపు ఉంటుంది, తర్వాతి రెండేళ్లలో ఆ ముప్పు మరీ ఎక్కువ.

ప్రపంచవ్యాప్త అంచనాల ప్రకారం 50 ఏళ్లు దాటిన ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరికి, ప్రతి ఐదుగురు పురుషులలో ఒకరికి మిగిలిన జీవితకాలంలో ఇలాంటి ఫ్రాక్చర్ ఏదో ఒకటి అవుతుంది. మణికట్టు విరిగితే ఆరు వారాల ఇబ్బంది. తుంటి విరిగితే మాత్రం ప్రతి ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే చనిపోతున్నారు; బతికినవారిలో చాలామంది మునుపటిలా నడవలేకపోతున్నారు. మన దేశంలో ఈ తుంటి ఫ్రాక్చర్లు పాశ్చాత్య దేశాలకంటే సుమారు పదేళ్లు ముందే వస్తున్నాయని వైద్యులు గమనించారు.

తొలిచే కణాలు, కట్టే కణాలు

ఎముక ప్రాణమున్న కణజాలం. అందులో పాత ఎముకను తొలిచేసే కణాలు కొన్ని, ఆ ఖాళీలో కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లలో ఏటా సుమారు 10 శాతం ఎముక ఇలా కొత్తదవుతుంది. బాల్యంలో, యవ్వనంలో కట్టుబడి ఎక్కువ, తొలవడం తక్కువ. ముప్పయ్యో ఏటికి ఎముక తన గరిష్ఠ బలానికి చేరుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లు రెండూ సమానంగా సాగి, క్రమంగా తొలిచే కణాలదే పైచేయి అవుతుంది.

స్త్రీలలో తొలిచే కణాలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజన్ హార్మోన్. ముట్లుడిగాక అది పడిపోతుంది. తర్వాతి ఐదు నుంచి ఏడేళ్లలో కొందరు స్త్రీలు తమ ఎముక సాంద్రతలో 20 శాతం దాకా పోగొట్టుకుంటారు. వెన్నుపూసల్లో, మణికట్టు దగ్గర, తుంటి మెడలో ఎముక లోపలంతా సన్నని కమ్ముల జాలీలా ఉంటుంది. ముందుగా తెగేవి ఆ కమ్ములే. తెగిన కమ్మిని మందులు మళ్లీ పూర్తిగా అతికించలేవు కాబట్టే, పోకముందు కాపాడుకోవడానికి అంత విలువ.

పురుషులకు ఇంత హఠాత్తుగా తగ్గదు, డెబ్బై దాటాక వారూ ఇదే దారిలోకి వస్తారు. పైగా తుంటి విరిగాక చనిపోయే ముప్పు స్త్రీలకంటే పురుషులకే ఎక్కువ. ఇది ఆడవాళ్ల జబ్బన్న అపోహ వల్ల మగవాళ్లలో పరీక్ష చేయించుకునేవారు బహు తక్కువ.

ముందే పోతున్న ఈస్ట్రోజన్

తెలుగు రాష్ట్రాల్లో ఈ జబ్బు గురించి మాట్లాడేటప్పుడు గర్భసంచి ఆపరేషన్లను పక్కన పెట్టడానికి వీల్లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో అత్యధికం ఈ రెండు రాష్ట్రాల్లోనే. తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుంనొప్పి వంటి బాధలతో వెళ్లిన స్త్రీలకు, మందులతో నయమయ్యే చోట కూడా, నలభై నిండకముందే ఆపరేషన్లు జరిగాయి. గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తే ఈస్ట్రోజన్ రాత్రికి రాత్రి ఆగిపోతుంది. అండాశయాలను ఉంచినా, అవి కొన్నేళ్లు ముందుగానే పని మానేసే అవకాశం ఉంది. ముప్పై అయిదేళ్లకే అండాశయాలు కూడా పోయిన స్త్రీ అరవయ్యో ఏడు వచ్చేసరికి పాతికేళ్లుగా రక్షణ లేని ఎముకలతో ఉన్నట్టు. ఆమె పొలం పనికి వెళ్తుంది, నీళ్ల బిందెలు మోస్తుంది. ఎముకల సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు. ఆపరేషన్ గదిలో జరిగిన పనికి ఇదొక పెద్ద మూల్యం. అది చెల్లిస్తున్నది మాత్రం ఆ స్త్రీలే. 45 ఏళ్లలోపు అండాశయాలు పోయినవారు ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి. సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా హార్మోన్ చికిత్స వారికి సరిపడుతుందో లేదో వైద్యులు చూస్తారు. రొమ్ము క్యాన్సర్ వంటివి ఉన్నవారికి అది పనికిరాదు.

ఈస్ట్రోజన్ ఒక్కటే కాదు, తిండి లోటు కూడా ఇక్కడ పాతదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేద కుటుంబాల్లోని 30-60 ఏళ్ల స్త్రీల ఎముకలను పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు 29 శాతం మందికి తుంటి మెడ దగ్గర ఆస్టియోపోరోసిస్ కనిపించింది. ముసలితనం ఇంకా రాని స్త్రీల మాట ఇది. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం చేసిన అధ్యయనాలు మరో సంగతి బయటపెట్టాయి. ఏడాది పొడవునా ఎండ కాసే ఆ ప్రాంతంలో పట్నవాసులకే కాక పల్లెవాసుల్లోనూ చాలామందికి డి విటమిన్ చాలడం లేదు. తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటపట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ.

ఎముకను గుల్లచేసే కారణాలు ఇంకా ఉన్నాయి. ఆస్తమాకో, కీళ్లవాతానికో ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌ను మూడు నెలలకు మించి వాడటం వాటిలో ముఖ్యమైనది. అవసరమై వైద్యులు రాసిచ్చే స్టెరాయిడ్ ఒక రకం. కీళ్లనొప్పులకని ఊళ్లో వేయించుకునే ఇంజెక్షన్లలో, పేరు లేని పొట్లాల పొడుల్లో తెలియకుండా ఒంట్లోకి వెళ్లేది ఇంకో రకం. ఒక్క రోజులో నొప్పులన్నీ మాయం చేసే మందు ఏదైనా అనుమానించదగ్గదే. మోతాదు మించిన థైరాయిడ్ మాత్ర, పారాథైరాయిడ్ గ్రంథి జబ్బు, మూత్రపిండాల జబ్బు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ చికిత్స, చుట్టా బీడీ, మద్యం కూడా ఇదే కోవలోకి వస్తాయి. మధుమేహం ఉన్నవారిలో సాంద్రత బాగానే కనిపించినా ఎముక విరుగుతుంది.

పరీక్షలో ఏం తేలుతుంది

ఎముక సాంద్రతను కొలిచే నమ్మకమైన పరీక్ష డెక్సా స్కాన్. నడుం వెన్నుపూసల దగ్గర, తుంటి దగ్గర అతి తక్కువ మోతాదు ఎక్స్‌రేతో కొద్ది నిమిషాల్లో తీస్తారు. వచ్చే అంకెను టీ-స్కోరు అంటారు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన ప్రకారం మైనస్ 1 కంటే పైన ఉంటే ఫరవాలేదు. మైనస్ 1కి, మైనస్ 2.5కి మధ్య ఉంటే సాంద్రత తగ్గుతున్నట్టు, మైనస్ 2.5 గానీ అంతకంటే కింద గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్. 65 ఏళ్లు దాటిన స్త్రీలందరూ, అంతకు ముందే ముట్లుడిగి వేరే కారణాలు కూడా తోడైనవారు, 70 దాటిన పురుషులు ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది. మందుల దుకాణాల దగ్గర, ఉచిత శిబిరాల్లో మడమ మీద చేసే అల్ట్రాసౌండ్ పరీక్షతో జబ్బు ఉందనీ లేదనీ తేల్చలేరు. అందులో తక్కువ వస్తే డెక్సాకు వెళ్లాలి, అంతే.

అంకె ఒక్కటే చూసి నిర్ణయించడం కూడా పొరపాటే. బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో తయారై 2008లో అందుబాటులోకి వచ్చిన ఫ్రాక్స్ అనే గణన పద్ధతి వయసు, బరువు, పాత ఫ్రాక్చర్లు, తల్లిదండ్రుల్లో ఎవరికైనా తుంటి విరిగిందా, స్టెరాయిడ్ వాడకం వంటివి లెక్కలోకి తీసుకుని వచ్చే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో చెబుతుంది. భారతీయుల కోసం దానిలో ప్రత్యేక లెక్క ఉంది. రక్తంలో కాల్షియం, డి విటమిన్, క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలూ కావాలి. ఎందుకంటే డి విటమిన్ బాగా లోపించినప్పుడు ఎముక మెత్తబడే వేరే జబ్బు వస్తుంది. డెక్సాలో అదీ ఇలాగే కనిపిస్తుంది, వైద్యం మాత్రం వేరు.

ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల వారి విషయంలో మరో జాగ్రత్త అవసరం. నేటి ప్రకాశం జిల్లా పల్లెల్లో 1937లోనే గుర్తించిన ఈ పీడ నల్లగొండలో తరాల తరబడి మనుషులను వంచేసింది. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కాన్‌లో చిక్కగా కనిపిస్తుంది గానీ పెళుసుగా ఉంటుంది. ఆ నీళ్లు తాగి పెరిగినవారికి టీ-స్కోరు బాగుందని ధీమా పడటానికి లేదు.

వెన్నుపూస ఫ్రాక్చర్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. వీటిలో మూడింట రెండొంతులు ఎవరి దృష్టికీ రాకుండానే జరిగిపోతాయి. బిందె ఎత్తినప్పుడు, దగ్గినప్పుడు, బస్సు కుదుపుకు పూస నలుగుతుంది. నడుం పట్టేసిందనుకుని బామ్ రాసుకుని ఊరుకుంటారు. పూసలు ఒక్కొక్కటే కుంగుతుంటే మనిషి పొట్టి అవుతారు, వీపు గూనవుతుంది, పొట్ట ముందుకొస్తుంది, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టవుతుంది. పడుచు వయసులో ఉన్న ఎత్తుకంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, మడమలు గోడకు ఆనించి నిలబడినప్పుడు తల వెనక భాగం గోడకు తగలకపోయినా వెన్నెముకకు ఎక్స్‌రే తీయించాలి.

కంచంలో, ఎండలో

జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల తెల్లబియ్యంలో ఉండేది 10 మిల్లీగ్రాములకు లోపే. అన్నం, చారు, చివర కాస్త పలచని మజ్జిగతో సరిపెట్టుకునే పెద్దవాళ్లకు ఈ లెక్క అందనే అందదు.

అందించగల తిండి తెలుగు వంటింట్లో లేక కాదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. రాయలసీమ సంగటి, ఉత్తరాంధ్ర చోడి అంబలి, తెలంగాణ తైద అంబలి తరతరాలుగా చేసిన మేలు ఇదే. పిండిని రాత్రి పులియబెట్టి కాచే అంబలిలో ఫైటేట్లు తగ్గి, ఉన్న కాల్షియం బాగా ఒంటపడుతుంది. పొట్టు తీయని నువ్వుల పొడి పెద్ద చెంచాడులో 100 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో చాలా భాగం పోతుంది. 200 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగులో సుమారు 240 మిల్లీగ్రాములు. తోటకూర, మునగాకు, ఉలవలు, ముల్లుతో సహా తినే నెత్తళ్లు మంచి వనరులు. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని ఒంటికి పట్టనివ్వవు.

ప్రొటీన్ కూడా అంతే ముఖ్యం. ఎముకలో సగం ఘనపరిమాణం ప్రొటీనే. దాన్ని కాపాడే కండకూ అదే కావాలి. 50 కిలోల బరువున్న పెద్దవారికి రోజుకు కనీసం 50 గ్రాములు ఉండాలి. రాత్రిపూట అన్నం మానేసి రెండు ఇడ్లీలతో ఫలహారం చేసే అలవాటు, వారంలో రెండు మూడు ఉపవాసాలు పెద్దవాళ్ల ఒంట్లోని కండను కరిగిస్తాయి. ఉపవాసం మానలేనివారు ఆ రోజు పాలు, పెరుగు, పల్లీలు ఎక్కువగా తీసుకోవాలి.

డి విటమిన్‌కు లేలేత పొద్దుటి ఎండ మంచిదన్న నమ్మకం పాతుకుపోయింది. చర్మంలో ఆ విటమిన్‌ను తయారుచేసే కిరణాలు పొద్దున, సాయంత్రం చాలా తక్కువ. తిరుపతి పరిశోధనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఎండే బాగా పనిచేస్తుందని తేలింది. చేతులు, ముఖం, కాళ్లు తగిలేలా చలికాలంలో 15, 20 నిమిషాలు కూర్చోవచ్చు. మే నెలలో ఆ వేళ పెద్దవాళ్లను ఎండలో కూర్చోబెట్టడం ప్రాణాపాయం. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఈ పనికి రాదు. వయసు పైబడ్డ చర్మానికి ఆ విటమిన్‌ను తయారుచేసే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి చాలామందికి మాత్ర తప్పదు.

అయితే మాత్రతోనే ఎముక గట్టిపడుతుందనుకోకూడదు. అమెరికాలో 25,000 మందికి పైగా పాల్గొన్న వైటల్ అధ్యయనం 2022 ఫలితాల్లో, లోపం లేని ఆరోగ్యవంతులకు డి విటమిన్ ఇచ్చినా ఫ్రాక్చర్లు తగ్గలేదు. లోపం ఉన్నవారికి దాన్ని సరిచేయడం మాత్రం తప్పనిసరి. 60,000 యూనిట్ల మాత్ర లేదా పొడి వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు వాడటం మామూలు పద్ధతి. దాన్ని పొరపాటున రోజూ వేసుకుని వాంతులు, మలబద్ధకం, మతి తప్పడం, మూత్రపిండాలు దెబ్బతినడం దాకా వచ్చినవారున్నారు. ఒకేసారి భారీ మోతాదు ఇవ్వడమూ మంచిది కాదు. ఆస్ట్రేలియాలో 70 దాటిన స్త్రీలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే పడిపోవడాలు, ఫ్రాక్చర్లు పెరిగాయని 2010లో తేలింది. తిండిలో చాలని కాల్షియాన్ని మాత్రతో భర్తీ చేసుకోవచ్చు. ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించకుండా, కార్బొనేట్ అయితే భోజనంతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

కండ, నడక, గడప

బరువు మోసిన ఎముకే గట్టిపడుతుంది. నడక గుండెకు మంచిదే, ఎముకకు అది ఒక్కటే చాలదు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగడం, ఒక పాదం ముందు మరో పాదం ఆనిస్తూ గోడ పక్కన నడవడం, తేలికపాటి బరువులతో మొదలుపెట్టి క్రమంగా పెంచడం ఇంట్లోనే చేయదగ్గవి. ఆస్ట్రేలియాలో 2017లో వెలువడిన లిఫ్ట్‌మోర్ అధ్యయనంలో, ఎముక సాంద్రత తగ్గిన స్త్రీలు శిక్షకుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు అరగంట చొప్పున బరువులు ఎత్తగా ఎనిమిది నెలల్లో వెన్నెముక సాంద్రత మెరుగైంది. వెన్నుపూస ఒకసారి నలిగినవారు మాత్రం నడుం ముందుకు వంచే పనులన్నీ మానాలి. పొట్టి చీపురుతో ఊడవడం, వంగి ముగ్గు వేయడం, నేల మీది బిందె ఎత్తడం, యోగాలో పశ్చిమోత్తానాసనం వంటివి వారికి చేటు. పొడుగు కర్ర చీపురు ఇంట్లో పెట్టడం కూడా చికిత్సలో భాగమే.

ఎముక ఎంత గుల్లబారినా, పడకపోతే తుంటి సాధారణంగా విరగదు. అందుకే ఇల్లంతా ఒకసారి చూసుకోవాలి. పెరట్లో పాచి పట్టిన బండ, తడి స్నానాల గది, ఎత్తు గడప, రెయిలింగ్ లేని డాబా మెట్లు, రాత్రి లైటు లేని నడవా, అరిగిపోయిన హవాయి చెప్పులు, కాళ్లకు అడ్డం పడే చీర కుచ్చిళ్లు, లుంగీ అంచు. మరుగుదొడ్డి గోడకు ఒక గట్టి పట్టుగొట్టం బిగించడానికి అయ్యే ఖర్చు ఆపరేషన్ ఖర్చు ముందు లెక్కలోది కాదు. నిద్రమాత్రలు, లేవగానే కళ్లు తిప్పించే బీపీ మందులు ఉంటే వైద్యులతో మాట్లాడి మోతాదు సరిచేయించుకోవాలి. శుక్లాలు ముదిరితే ఆపరేషన్ వాయిదా వేయకూడదు.

మందులు: వాడే తీరే సగం బలం

తుంటి లేదా వెన్నుపూస విరిగినవారికి టీ-స్కోరు ఎంతున్నా మందు అవసరం. ఎక్కువగా వాడేవి బిస్‌ఫాస్ఫొనేట్లు. తొలిచే కణాలకు పగ్గం వేస్తాయి. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్రను తెల్లవారి పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట సేపు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. కాఫీతో వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. వేసుకుని పడుకుంటే అన్నవాహిక పుండవుతుంది. ఇది కష్టమనుకునేవారికి ఏడాదికొకసారి సెలైన్‌తో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. 2007లో ప్రచురితమైన హొరైజన్ పరీక్షల్లో మూడేళ్లలో అది వెన్నుపూస ఫ్రాక్చర్లను 70 శాతం, తుంటి ఫ్రాక్చర్లను 41 శాతం తగ్గించింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఇవి పనికిరావు. దవడ ఎముక చెడటం, తొడ ఎముక అసాధారణంగా విరగడం అరుదుగా జరుగుతాయి; పళ్లు పీకించుకోవాల్సి ఉంటే మందుకు ముందే ఆ పని పూర్తిచేసుకోవాలి. మాత్రలు ఐదేళ్లు, సెలైన్ మూడేళ్లు అయ్యాక ముప్పు తగ్గినవారికి వైద్యులు కొంతకాలం విరామం ఇస్తారు.

ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్‌కు ఆ విరామం చెల్లదు. తేదీ దాటి వదిలేస్తే పెరిగిన ఎముక వేగంగా పోయి, వెన్నుపూసలు వరసగా నలిగిన సందర్భాలున్నాయి. మానాలంటే దాని స్థానంలో మరో మందు మొదలుపెట్టాలి. జబ్బు బాగా ముదిరినవారికి రోజూ ఇంజెక్షన్‌గా రెండేళ్ల దాకా ఇచ్చే టెరిపారటైడ్ కొత్త ఎముకను కట్టిస్తుంది. ఆ కోర్సు ముగిశాక కట్టిన ఎముకను నిలబెట్టడానికి మళ్లీ బిస్‌ఫాస్ఫొనేట్లు కావాలి.

తుంటి విరిగాక

మణికట్టు విరిగితే పుత్తూరు కట్టుకో, ఆసుపత్రిలో పట్టీకో వెళ్లడం పరిపాటి. తుంటి మెడ కట్టుకు లొంగదు. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకని మంచాన పడుకోబెడితే పడక పుండ్లు, నిమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు ప్రాణం తీస్తాయి. వయసు ఆపరేషన్‌కు అడ్డం కాదు, ఆలస్యమే అడ్డం. 48 గంటల లోపు ఆపరేషన్ చేసి, మర్నాడే లేపి నిలబెట్టడం ఇప్పుడు నిపుణులు సిఫారసు చేస్తున్న పద్ధతి.

ఆపరేషన్ తర్వాత తొంభై రోజుల లోపు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇచ్చినవారిలో కొత్త ఫ్రాక్చర్లు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని హొరైజన్ పరిశోధకుల మరో పరీక్ష 2007లోనే చూపించింది. అయినా విరిగిన ఎముకను సరిచేసి, జబ్బును అలాగే వదిలేసి ఇంటికి పంపడం ఇప్పటికీ సర్వసాధారణం. ఈ లోటు పూడ్చడానికి స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 1999లో ఒక పద్ధతి మొదలైంది: 50 దాటి ఎముక విరిగి వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ ఒక నర్సు రాసుకుని, డెక్సా చేయించి, మందు మొదలయ్యేలా చూసి, తర్వాత మానేయకుండా కనుక్కుంటారు. ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు, ఒక మనిషి బాధ్యత చాలు. అలాంటి ఏర్పాటు లేని చోట ఆ పని కుటుంబమే చేయాలి. డిశ్చార్జి కాగితంలో నాలుగు సంగతులు ఉన్నాయో లేదో చూడాలి: డి విటమిన్ పరీక్ష ఫలితం, డెక్సా ఎప్పుడు చేయించాలి, ఎముకల మందు పేరు, దాని తర్వాతి మోతాదు తేదీ. లేకపోతే ఆసుపత్రి వదలకముందే అడిగి రాయించుకోవాలి.